పంతొమ్మిది లైన్ల అతుకు

ఆ సంచిని నేను కోరి నెత్తిన పెట్టుకోలేదు. జ్వరంతో మూడు రోజులు మంచాన పడి లేచేసరికి అది నా పేరున ఉంది.

సంచి అంటే బజారుకు పట్టుకెళ్లేది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు వాడుకునే ఒక లైబ్రరీ. ప్రోగ్రాము రాసే ప్రతివాడికీ పేర్లో, తేదీలో, అంకెలో ఒకచోట పోగేసుకుని కావలసినప్పుడు తీసుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఎవరికి వాళ్లు కుట్టుకునే ఓపిక లేదు కాబట్టి ఒక పెద్దమనిషి కుట్టి లోకమంతటికీ ఉచితంగా ఇచ్చాడు. అసలు పేరు ఏదో గంభీరంగా ఉంటుంది. నేను మాత్రం సంచి అనే అంటాను. దాన్ని కుట్టినాయన్ని మా వాళ్లు మూలపురుషుడు అంటారు.

మా వాళ్లంటే ఒక ముఠా. లినక్స్ అని, ఎవరి సొత్తూ కాని కంప్యూటరు వ్యవస్థ ఒకటి ఉంది. దాన్నీ, దాని మీద నడిచే వేలాది ప్రోగ్రాములనూ తెచ్చి, ఒకదానితో ఒకటి కొట్లాడుకోకుండా సర్ది, మూటలు కట్టి జనానికి అందించడం మా పని. వంట చేసేది ఒకరు, డబ్బాలో సర్ది మూతపెట్టి ఇంటింటికీ చేర్చేది మేము. ఉప్పు ఎక్కువైతే తిట్లు మాత్రం ఇద్దరికీ. జీతం లేదు. పగలంతా ఒక స్కూల్లో పిల్లలు పాడుచేసిన కంప్యూటర్లు బాగుచేసి, ఇంటికొచ్చి దీని ముందు కూర్చుంటాను. ఊరికే కూర్చోలేని జన్మ నాది. అందుకే మా అక్క నన్ను చిన్నప్పటి నుంచి పిచ్చుక అని పిలుస్తుంది.

మా ముఠాలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఒక మాట ప్రతిపాదించి గడువు పెడితే, ఆ లోపల 'వద్దు' అని రాయని వాళ్లంతా ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. పెద్దలు కాస్త మొహమాటస్తులు. మా వాళ్లు సగం దగ్గర ఆగలేదు. పదకొండేళ్ల కిందట మా ముఠా తరఫున సంచిని చూసుకునే మనిషి విరమించుకుంటూ నా పేరు ప్రతిపాదించాడు. నేను ఒళ్లు తెలియని జ్వరంలో ఉన్నాను. అలా దొరికిపోయాను.

అప్పటికైనా తప్పించుకుని ఉండొచ్చు. ఇరుక్కుపోవడానికి కారణం ఆ జ్వరం కాదు, నేను చేసిన ఒక తప్పుడు పని.

ఏడాదికోసారి మేం తాళం వేస్తాం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. అప్పటికి లోపల ఏది ఉంటే అదే ఏడాది పాటు జనానికి చేరుతుంది. తాళం వేసే మనిషిని తాళాలాయన అంటాం. మాటలో మెత్తన, గడువులో ఇనుము. నా మొదటి ఏడాది తాళానికి రెండు గంటల ముందు ఒక ప్రోగ్రాము పరీక్షలో తప్పింది. ఆస్పత్రుల్లో ఎవరి తర్వాత ఎవరు అని రోగులను పిలిచే ప్రోగ్రాము అది. మొదట వచ్చినవాడి పేరు ఐదోది అయింది, మూడోవాడు ముందుకొచ్చాడు. చూస్తే తప్పు దాన్ని రాసినవాడిదే. సంచిలో వేసినవన్నీ వేసిన వరుసలోనే బయటికి వస్తాయని నమ్మి రాశాడు. మూలపురుషుడు మాత్రం మొదటి పేజీలోనే చెప్పాడు, 'వరుస గురించి నేను మాట ఇవ్వడం లేదు' అని.

పద్ధతి ప్రకారం ఆ ప్రోగ్రాము రాసినవాడికి చెప్పి దిద్దించాలి. దానికి నాలుగు రోజులు పడుతుంది. నా దగ్గర ఉన్నది రెండు గంటలు. అందుకని నేను ప్రోగ్రామును వదిలేసి సంచికే అతుకు వేశాను. పంతొమ్మిది లైన్లు. వేసిన వరుస గుర్తుపెట్టుకుని అదే వరుసలో తిరిగిచ్చేలా. పైన 'తాత్కాలికం, వచ్చే వారం తీసేయాలి' అని రాశాను. మూలపురుషుడికి చెప్పలేదు. వారంలో తీసేసేదానికి పెద్దాయన్ని ఎందుకు కదిలించడం అనుకున్నాను.

ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

ఎందుకంటే జనం వరుసకు అలవాటు పడ్డారు. మా దగ్గర సంచి వేసినవి వేసినట్టే ఇస్తుందని చూసి, అదే దాని స్వభావం అనుకుని దాని మీద ప్రోగ్రాములు కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు సంచి మీద ఆధారపడినవి రెండు వందల పద్నాలుగు. అందులో నలభై ఒకటి నా అతుకు లేకపోతే కూలిపోతాయి. నేనే కూర్చుని ఒక్కొక్కటీ పరీక్షించి లెక్కపెట్టాను. అవే ప్రోగ్రాములు వేరే ముఠాల దగ్గర తడబడితే జనం మూలపురుషుడి మీద పడేవాళ్లు. 'అక్కడ వరుసగా ఇస్తోంది, ఇక్కడ ఎందుకివ్వదు?' అని. ఆయన పాపం ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా జవాబు రాసేవాడు. 'ఎక్కడా ఇవ్వదు బాబూ, మీరు కల గన్నారేమో.' ఆ ఉత్తరాలన్నీ అందరికీ కనిపించేవే. పదకొండేళ్లుగా అన్నీ చదివాను, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆయన కొత్త సంచి కుట్టినప్పుడల్లా నా అతుకు ఊడిపోయేది. మళ్లీ కుట్టేదాన్ని. పంతొమ్మిది లైన్లు అరవై అయ్యాయి, అరవై రెండు వందలయ్యాయి. వదిలేద్దామని రెండుసార్లు 'ఇది దిక్కులేనిది, ఎవరైనా తీసుకోండి' అని ప్రకటించాను. ఎవరూ ముందుకు రాలేదు. ఎవరూ తీసుకోకపోతే సంచిని మూటలోంచి పారేస్తారు, దాంతో పాటు ఆ రెండు వందల పద్నాలుగూ పోతాయి. రెండుసార్లూ నేనే మళ్లీ ఎత్తుకున్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా విషయంలో కప్పా నేనే, పామూ నేనే.

ఇంతవరకు నవ్వుతూ చెప్పొచ్చు. నాలుగేళ్ల కిందటి సంగతి నవ్వుతూ చెప్పలేను.

మా బావ ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ రోజు తాళం రోజు. కొత్త సంచి మీద అతుకు కూర్చోవడం లేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద, ఒళ్లో డబ్బా పెట్టుకుని కుడుతున్నాను. మా అక్క నా కంప్యూటరును డబ్బా అనే అంటుంది. అక్క తలుపు దగ్గరికి వచ్చి, "మీ బావ పిలుస్తున్నాడే పిచ్చుకా," అంది. "ఒక్క నిమిషం అక్కా," అన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట అన్నాను. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా పని ముగిసింది. లేచి లోపలికి వెళ్లాను. బావ పని అంతకు ముందే ముగిసింది.

అక్క ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతా అనలేదు. బావ ఎందుకు పిలిచాడో, ఆఖర్న ఏమన్నాడో నేను అడగలేదు. అమ్మ పోయాక నాకు జడలు వేసింది అక్క, బడికి పంపింది అక్క, నా మొదటి కంప్యూటరు కొనిపెట్టింది బావ. 'మరదలు పిల్లా, దీంతో మా ఆవిడ నోరు మూయించే ప్రోగ్రాము రాయవా' అని ఏడిపించేవాడు. అలాంటి మనిషికి నేను ఒక్క నిమిషం ఇవ్వలేకపోయాను. ఈ నాలుగేళ్లలో అది గుర్తు రాని రోజు లేదు.

ఈసారి తాళానికి పది రోజుల ముందు రెండు సంగతులు కలిసి వచ్చాయి.

మొదటిది, మూలపురుషుడి సహనం చచ్చిపోయింది. వరుస, వరుస అని పీడించే జనానికి బుద్ధి చెప్పాలని కొత్త సంచిలో కావాలనే కలిపేయడం మొదలుపెట్టాడు. ఏది వేసినా ప్రతిసారీ కొత్త రకంగా చిందరవందరగా బయటికొస్తుంది. నా అతుకు పట్టుకోవడానికి చోటే లేదు. పోనీ పాత సంచినే ఉంచుదామంటే దానికి కన్నం పడింది. దొంగలు దూరేంత కన్నమని లోకమంతా చాటింపు వేశారు. పాతది ఉంచలేను, కొత్తది పెట్టలేను.

రెండోది అక్క కన్ను. అక్క బట్టలకు మరమ్మతులు చేసే దర్జీ. ఒక కన్ను పుట్టినప్పటి నుంచి మసక. రెండో కంటితోనే ముప్పై ఏళ్లు సూదిలో దారం ఎక్కించింది. ఆ మంచి కంట్లో వెనకాల పొర ఊడింది. ఆపరేషన్ చేసి లోపల గాలి బుడగ పెడతారట. ఆ బుడగ పొరను అదిమి పట్టాలంటే వారం రోజులు తల కిందికి వంచుకునే ఉండాలి. రెండు గంటలకోసారి మందు చుక్క వేయాలి. చుక్క తప్పినా, చుక్క వేసే క్షణం తప్ప తల ఎత్తినా ఉన్న ఒక్క కన్నూ పోవచ్చు. ఆపరేషన్ బుధవారం. తాళం శుక్రవారం.

అక్క ఫోను చేసి ఒక్కటే అడిగింది. "నువ్వొస్తావా? డబ్బా లేకుండా?"

"వస్తానక్కా. డబ్బా తేను," అన్నాను. ఆ మాట ఈసారి తప్పితే నేను మనిషినే కాదు.

మంగళవారం సాయంత్రం దాకా అతుకుతో కుస్తీ పట్టాను. లాభం లేదు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. పని నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ నా మొహం చూసి, "ఏ అంతస్తు దగ్గర ఆగావు?" అన్నాడు.

"రెండు అంతస్తుల మధ్య," అన్నాను. "ఏమండీ, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల దగ్గరికి వెళ్లగానే మీరు ముందు ఏం చేస్తారు?"

"మాట్లాడతాను."

"తలుపు తీయరా?"

"తలుపు తర్వాత. ముందు ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఎక్కడ ఆగింది, ఎంతసేపు పడుతుంది అని. ఇదిగో అయిపోయింది, అదిగో అయిపోయింది అన్నామా, లోపలివాళ్లు పిచ్చెక్కి తలుపు బాదేస్తారు. నేను పడ్డాను ఆ బాధ."

నేను పదకొండేళ్లుగా ఇదిగో అయిపోయింది అంటున్నదాన్ని. లేచి వెళ్లి, ముఠా అంతటికీ కనిపించేలా ఉత్తరం రాశాను.

'సంచి వరుసగా ఇవ్వడం దాని స్వభావం కాదు. నేను వేసిన అతుకు. పదకొండేళ్ల కిందట వేశాను, ఎవరికీ చెప్పలేదు. మూలపురుషుడు ఇన్నేళ్లూ పడ్డ తిట్లు నావి. కొత్త సంచితో నలభై ఒక్క ప్రోగ్రాములు కూలిపోతాయి, జాబితా కింద ఉంది. పాతదాని కన్నం పూడ్చడం నాకు చేతకాలేదు. మీరేం చేసుకున్నా సరే, నన్ను క్షమించండి. నేను తప్పుకుంటున్నాను.'

పంపించేశాక ఒళ్లు తేలికైంది. తిడతారు, పేరు కొట్టేస్తారు, గెంటేస్తారు. గెంటేస్తే అంతకన్నా కావలసిందేముంది? డబ్బా మూసి బట్టల అలమరలో అడుగున పెట్టేశాను.

అక్కకు ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెచ్చి, కుట్టుమిషను తీసేసి ఆ బల్ల ముందే కూర్చోబెట్టాను. చుట్టిన తువ్వాలు మీద నుదురు ఆనించి, మొహం నేలకు పెట్టి కూర్చునేది. ఆమెతో మాట్లాడాలంటే నేను బల్ల కిందికి దూరి నేల మీద కూర్చోవాలి. చుట్టూ దారపు ఉండలు, అరిగిన తొక్కుడు పలక. ఒక కంటికి ప్లాస్టిక్ డిప్ప, రెండో కంట్లో మసక. నేను ఎటు కదిలినా చప్పుడును బట్టే పట్టేది.

"ముప్పై ఏళ్లుగా ఇక్కడ పడ్డ సూదులన్నీ ఏరుకోవే, నీకు గుచ్చుకుంటాయి," అనేది. "తింటే మెడ నొప్పి, తినకపోతే కడుపు నొప్పి. ఏ జన్మలో ఎవరిని తల ఎత్తనివ్వలేదో."

గురువారం పొద్దు పోక, "అసలు ఆ డబ్బాలో నువ్వు చేసే పనేంటే?" అని అడిగింది. ఇన్నేళ్లలో అడగడం అదే మొదటిసారి. సంచి సంగతి, వరుస సంగతి, అతుకు సంగతి అన్నీ చెప్పాను. వరండా మాట ఎత్తలేదు.

అంతా విని, "అతుకు వేయడం తప్పు కాదు," అంది. "చెప్పకుండా వేయడం తప్పు. మేం అతుకు వేస్తే బట్ట తిరగేసి చూపించి మరీ ఇస్తాం. ఇదిగో ఇక్కడ వేశాను, ఇక్కడ ఎక్కువ లాగొద్దు అని."

"మొన్ననే తిరగేసి చూపించానక్కా."

"పదకొండేళ్లకా!" అని పకపకా నవ్వింది. తల ఊగుతోందని నేను కేకలేసి ఆపాను. రెండు రోజులు చుక్కలకు గంట పెట్టడానికి తప్ప ఫోను ముట్టుకోలేదు. ఇన్నేళ్లకు అక్క ఇంట్లో అక్క చెల్లెలిగా ఉన్నాను. నాకు ఏడుపొచ్చేంత హాయిగా ఉండింది.

శుక్రవారం పన్నెండు గంటల చుక్క కోసం ఫోన్లో గంట పెట్టుకున్నాను. పన్నెండుకు పది నిమిషాలుందనగా టైమెంతయిందో చూద్దామని బల్ల కింద కూర్చునే ఫోను తీశాను. రెండు ఉత్తరాలు ఉన్నాయి.

ఒకటి మూలపురుషుడిది. 'అమ్మా, నేను పిచ్చివాణ్ణి కాదని ఇన్నేళ్లకు తెలిసింది. సంతోషం. కోపం కూడా వచ్చింది, ఒక పూట అన్నం సయించలేదు. తర్వాత ఆలోచించాను. నేను ఇవ్వని మాటను నువ్వు పదకొండేళ్లు నిలబెట్టావు. జనానికి కావలసింది నీ సంచే, నాది కాదు. నాకు వయసైపోయింది, నా తర్వాత చూసేవాళ్లు లేరు. మూటకట్టడం ఒక్కటే కాదు, సంచి మొత్తం నీకే ఇచ్చేస్తానని మీ ముఠా ఆచారం ప్రకారమే ప్రతిపాదించాను. ఇకనుంచి మూలపురుషుడివి నువ్వే.'

రెండోది తాళాలాయనది. 'పాత సంచి కన్నం నేను పూడ్చాను. మీ అతుకుతోనే ఈ ఏడాది పంపుదాం. పెద్దాయన ప్రతిపాదన మీద రెండు రోజులుగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గడువు తాళం దాకా. పన్నెండు లోపల మీరు వద్దనకపోతే మీ పేరు ఎక్కిస్తాను.'

నిజం చెప్తే వదిలేస్తారనుకున్నాను. ఇదివరకు ఒక ముఠాకే సమాధానం చెప్పేదాన్ని, ఇప్పుడు లోకంలో ఉన్న ముఠాలన్నిటికీ చెప్పాలి. వాళ్ల తిట్లు, కన్నాలు, అర్ధరాత్రి ఉత్తరాలు అన్నీ నావే, నేను ముసలిదాన్నై ఇంకెవరి నెత్తినో పెట్టేదాకా. ఒక్క మాట రాస్తే చాలు. వద్దు. రాయడం మొదలుపెట్టాను. నా ఫోన్లో అక్షరం నొక్కితే టక్కుమంటుంది.

టక్. టక్.

"ఏంటే అది?" అంది అక్క పైనుంచి.

"ఒక్క నిమిషం అక్కా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకు వినబడింది. వేలు అక్కడే ఆగిపోయింది. తువ్వాలు మీద అక్క ఊపిరి వినిపిస్తోంది.

"మీ బావ ఆఖర్న ఏమన్నాడో నువ్వెప్పుడూ అడగలేదు," అంది.

"భయమక్కా."

"రెండుసార్లు పిలిచానా. మూడోసారి పిలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. 'పిలవకే. ఒక్క నిమిషం అంది కదా, చేసుకోనీ. మరదలు పిల్ల మాట తప్పదు, వచ్చేస్తుంది' అన్నాడు. అని తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. అంతే."

నేను బల్ల కిందే మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

"నన్ను తిట్టక్కా. ఒక్కసారైనా తిట్టు."

"తిట్టాలని చాలాసార్లు అనుకున్నాను. ఎదురుగా వచ్చి నిలబడితే నీ జడలే గుర్తొచ్చేవి." పైనుంచి ఆమె చెయ్యి కిందికి వచ్చి గాలిలో తడుముకుంది. "ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

ఫోను నేల మీద పెట్టి కుడిచెయ్యి ఇచ్చాను. గట్టిగా పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్లు. ఫోను మీద 'వద్' అని రెండక్షరాలు, ఇంకొక్కటి రాసి పంపితే అయిపోతుంది. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. పన్నెండుకు మూడు నిమిషాలు. రెండు. ఆ ఒక్క అక్షరం టక్కుమంటుంది. అక్కకు వినబడుతుంది.

నేను ఎడమచేత్తో ఫోనును తిరగేసి నేలకు బోర్లించాను.

గంట మోగింది. బల్ల కిందినుంచి బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. అక్క తల మెల్లగా పైకెత్తి, డిప్ప తీసి, ఒక చేత్తో రెప్ప కిందికి లాగి, రెండో చేత్తో చుక్క వేశాను. కింద నేల మీద ఫోను ఒకసారి గురగురలాడింది. ఇంకోసారి. ఆ తర్వాత ఆగకుండా అదే పని. అభినందనలు అయి ఉంటాయి.

డిప్ప పెట్టేసి, ఆమె నుదురు మళ్లీ తువ్వాలు మీద ఆనించాను. మళ్లీ బల్ల కిందికి దూరి కూర్చున్నాను. చెయ్యి కోసం తడుముకుంటే ఇచ్చాను.

"మళ్లీ రెండు గంటలకు కదా?" అంది.

"అవునక్కా."

"అందాకా ఎక్కడికీ పోకు."

"ఎక్కడికి పోతానక్కా," అన్నాను.